వైద్య విజ్ఞాన తపస్వి డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఆధునిక అమెరికా వైద్య చరిత్రను మలుపు త్రిప్పిన మహనీయులలో ఒక తెలుగు బిడ్డ ఉన్నారు. బాల్యంలో ఆయన ప్రథమ శ్రేణి విద్యార్థి కారు. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు పర్యాయాలు తప్పి, మూడవసారి ఉత్తీర్ణులైనవారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు ఆయన జన్మించారు. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. కుటుంబానికి దారిద్ర్యం కొత్త కాదు. పదమూడేళ్ళ ప్రాయంలో సుబ్బారావు వారణాసిలో పండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, తల్లి ఆయనను వెనుకకు రప్పించి మరల బడిలో చేర్పించారు. భర్త మరణించిన పిదప కూడా ఆ తల్లి పట్టుదల సడలలేదు. నగలు అమ్మి కుమారుని చదివించారు.

బళ్ళారి జిల్లా 1953 వరకు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఈ సీమ విద్యార్థులకు వలెనే గోదావరి సీమకు చెందిన సుబ్బారావుకు సైతం ఉన్నత విద్యకు మద్రాసు నగరమే గమ్యమైంది. అక్కడి హిందూ ఉన్నత పాఠశాల నుండి మెట్రిక్యులేషన్, ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి వైద్య కళాశాలలో ప్రవేశించారు. గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకొనవలసి వచ్చింది.

ఇంతలో ఆ ఇంట పెనువిషాదం సంభవించింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి కొద్ది రోజుల వ్యవధిలోనే ఇద్దరు సోదరులను బలిగొన్నది. అదే వ్యాధి సుబ్బారావునూ పీడించగా, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ప్రాణం దక్కింది. వ్యాధుల మూలాలను శోధించాలన్న సంకల్పం ఆయనలో దృఢపడింది. మామగారి సహాయంతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను 1922 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరం చేరుకున్నారు.

పగలు హార్వర్డు విశ్వవిద్యాలయంలో చదువు, రాత్రి ఆసుపత్రిలో సేవకుని కొలువు. ఆచార్య సైరస్ ఫిస్కేతో కలసి 1925లో ఆయన ప్రకటించిన భాస్వర పరిమాణ నిర్ణయ పద్ధతి నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధం. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని వారిరువురు కనుగొన్నారు. జీవకణానికి శక్తినిచ్చే ఇంధనంగా ఎ.టి.పి. గురించి నేడు ప్రతి ఉన్నత పాఠశాల విద్యార్థీ చదువుకొనుచున్నాడు. అయినను హార్వర్డులో ఆయనకు శాశ్వత ఉద్యోగం లభించలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ పట్టణంలో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరి, 1942లో పరిశోధనా విభాగానికి సంచాలకులైనారు. 1946 వరకు భారతీయులకు అమెరికా పౌరసత్వం పొందే హక్కే లేదు. అట్టి కాలంలో ఒక విదేశీయునిగానే ఉండి, వందలాది శాస్త్రజ్ఞుల కృషికి ఆయన మార్గదర్శకులైనారు. ఆయన నాయకత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేశారు. సోదరులను పొట్టనబెట్టుకున్న స్ప్రూ వ్యాధికి అదే దివ్యౌషధమైంది.

ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినాప్టెరిన్ కూడా ఆ ప్రయోగశాలలోనే రూపొందింది. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త క్యాన్సరు సోకిన 16 మంది పిల్లలకు దానిని ఇవ్వగా, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగానైనా తగ్గింది. 1948లో వెలువడిన ఆ ఫలితాలు క్యాన్సరుకు మందులతో చికిత్స చేయవచ్చునన్న ఆశకు ప్రాణం పోశాయి. బోదకాలు వ్యాధికి హెట్రజాన్, అనేక అంటువ్యాధులకు బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ ఆ సంస్థ నుండియే వెలువడినవి.

ఈ విజయాలకు ఇంటివారు చెల్లించిన మూల్యం సామాన్యమైనది కాదు. 1919లో పరిణయమాడిన అర్ధాంగి శేషగిరిని, కన్నతల్లిని ఆయన మరల చూడలేదు. కుమారుడు శైశవంలోనే కన్నుమూశాడు. స్వదేశాగమనం వాయిదా పడుతూనే ఉండగా, 1948 ఆగస్టులో 53 ఏళ్ళ వయస్సులో నిద్రలోనే గుండెపోటుతో ఆయన పరమపదించారు. నోబెల్ బహుమానం రాలేదు. భారత ప్రభుత్వం 1995లో, శతజయంతి సందర్భంగా, ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది.

పాఠశాలల్లో పిల్లలకు వారం వారం ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలో ఆయన కృషి ఉన్నది. బోదకాలు నివారణకు ఇంటింటా పంచే మాత్రలోనూ ఉన్నది. పరీక్ష తప్పిన బాలునిపై ఆశ వదులుకొనని ఒక తల్లి విశ్వాసం నేడు కోట్లాది గృహాలకు ఆరోగ్యమై చేరుచున్నది. మార్కుల పట్టికను చేతబట్టుకొని బిడ్డను తూచబోయే ప్రతి తల్లిదండ్రులకు, ప్రతి ఉపాధ్యాయునికి వెంకమ్మగారి ఓర్పు స్మరణీయం.