ఆచార్య ష్మాలెన్‌బాఖ్

వర్తకుల జమాఖర్చులకు విశ్వవిద్యాలయములో శాస్త్రగౌరవము చేకూర్చిన విద్వాంసులలో జర్మనీ దేశీయుడైన ఓయ్‌గెన్ ష్మాలెన్‌బాఖ్ ముఖ్యుడు. ఆయన 1873లో వెస్టుఫేలియా ప్రాంతమునందలి హల్వర్ సమీపమున జన్మించెను. తండ్రికి చిన్న కర్మాగారము ఉండెడిది. అందు పనిచేయుచు సరకు తయారీకి అగు ఖర్చును లెక్కకట్టుటలోని చిక్కులను స్వయముగా చూచెను. 1898లో లైప్జిగ్ నగరమున వాణిజ్య కళాశాల తెరవగనే అందు విద్యార్థిగా చేరెను.

పిదప కొలోన్ వాణిజ్య కళాశాలలో అధ్యాపకుడై, క్రమముగా ఆచార్యుడయ్యెను. 1906లో వాణిజ్యశాస్త్ర పరిశోధనకై ఒక పత్రికను స్థాపించెను. 1919లో ఆ కళాశాల కొలోన్ విశ్వవిద్యాలయములో లీనమైనది.

ఆస్తి అప్పుల పట్టిక ఒకనాటి సంపదను చూపునదని అందరు తలచు కాలమది. ఏటికేడు వ్యాపారము ఫలించుచున్నదా, క్షీణించుచున్నదా అని తెలుపుటయే దాని ప్రధాన ప్రయోజనమని ఆయన 1919లో ప్రతిపాదించెను. పదేండ్లు పనిచేయు యంత్రము వెలను కొన్న ఏటనే ఖర్చు వ్రాసిన ఆ యేడు నష్టము, తక్కిన తొమ్మిదేండ్లు మితిమీరిన లాభము కనబడును. ఏ యేటి వంతు ఆ యేటికి వ్రాసిననే నిజము తేలును. ఉత్పత్తితో పెరుగు ఖర్చులను, పెరుగని ఖర్చులను వేరుపరచి చూపుటలోను ఆయన మార్గదర్శి. 1927లో ఖాతాలను సున్న మొదలు తొమ్మిది వరకు పది తరగతులుగా విభజించి, సంస్థల లెక్కలను పోల్చిచూచుటకు వీలైన పద్ధతిని ప్రకటించెను.

ఆయన భార్య మరియాన్నె యూదు వంశీయురాలు. 1933లో హిట్లరు అధికారమునకు వచ్చెను. ఆ సంవత్సరమే ఆచార్యుడు పదవినుండి తప్పుకొనెను. 1937లో ప్రభుత్వము పరిశ్రమలకు విధించిన ఖాతాల పద్ధతికి ఆయన రచనయే ఆధారము. ఆయన భావము పనికివచ్చినది గాని, ఆయన ఇంట భార్యకు రక్షణ లేకపోయెను. అయినను ఆమె చేయి విడువలేదు. 1944లో అపాయము మీదికి రాగా దంపతులు అజ్ఞాతవాసము చేసిరి. పూర్వము ఆయనకు సహాయకుడైన లుడ్విగ్ ఫైనెన్, తన భార్యతో కూడి, ప్రాణములకు తెగించి బాడ్ గోడెస్‌బర్గ్‌లో వారిని దాచి కాపాడెను.

యుద్ధానంతరము ఆచార్యుడు మరల బోధనకు పూనుకొనెను. 1955 ఫిబ్రవరిలో కొలోన్ నగరమున కన్నుమూసెను. ఖర్చును అది చెందవలసిన కాలమునకే వ్రాయవలెనన్న ఆయన బోధ నేటికిని జమాఖర్చుల శాస్త్రమునకు మూలసూత్రములలో ఒకటిగా నిలిచియున్నది. పుస్తకములతోపాటు, ఆపత్కాలమున తలుపు తెరచిన శిష్యునిగూడ ఆయన జీవితపు జమలో చేర్చుట న్యాయము.