ఊరి బడికి శాటిలైట్ పంపాలనుకున్న సారాభాయ్

ఈసీఐఎల్ అంటే మనకు ఒక చౌరస్తా. మన కాలేజీలో చాలామంది అక్కడ బస్సు దిగి, ఇంకో బస్సు పట్టుకుని శామీర్‌పేట వైపో మేడ్చల్ వైపో వస్తారు. పక్కనే ఏ.ఎస్.రావు నగర్. ఈ రెండు పేర్లూ ఒకే కథలోవి. ఆ కథలో మూడో పేరు ఒకటి ఉంది, చౌరస్తాలో నిలబడి బస్సు కోసం చూసేటప్పుడు ఎవరికీ గుర్తురాని పేరు: విక్రమ్ సారాభాయ్.

ఆయన ఇస్రో ఫౌండర్ అని అందరికీ తెలుసు. రాకెట్ బాయ్స్ సిరీస్ చూసినవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ తెలుసు. నేను మాత్రం రాకెట్ల గురించి రాయడం లేదు. ఆ మనిషికి స్కూల్ అంటే ఏమిటో, స్కూల్లో స్క్రీన్ ఎందుకు పెట్టాలనుకున్నారో, ఆ రెంటికీ మధ్య ఎక్కడ తేడా వచ్చిందో రాయాలని ఉంది. మనం సీఎస్ఈ వాళ్లం కదా, రేపు ఎడ్‌టెక్ కంపెనీల్లో కూర్చుని ఇలాంటి స్క్రీన్లకు కోడ్ రాసేది మనమే.

సారాభాయ్ 1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో పుట్టారు. తండ్రి అంబాలాల్, కాలికో మిల్లుల యజమాని. ఎనిమిది మంది పిల్లలు. డబ్బుకు లోటు లేదు, ఊళ్లో మంచి స్కూళ్లకూ లోటు లేదు. అయినా తల్లి సరళాదేవి పిల్లల్ని బయటి బడికి పంపలేదు. మాంటిస్సోరి పద్ధతి గురించి చదివి, షాహీబాగ్‌లో రిట్రీట్ అనే తమ సొంత బంగళాలోనే బడి పెట్టారు. బోధన మొత్తం పిల్లాడి ఆసక్తి చుట్టూ తిరగాలన్నది ఆ బడి లెక్క. భాషలకు, సైన్స్‌కు, కళలకు వేరువేరు టీచర్లు. విక్రమ్‌కు మెషీన్లంటే ఇష్టమని తెలిసి వర్క్‌షాప్ కూడా ఏర్పాటు చేశారు. అక్కడే ఆ అబ్బాయి చిన్న సైజు ఆవిరి రైలింజన్ తయారు చేశాడు. బొమ్మ అనుకోకండి, అది పట్టాల మీద నడిచేది. గాంధీ, టాగోర్ లాంటి వాళ్లు వచ్చిపోయే ఇల్లది. తర్వాత కేంబ్రిడ్జ్‌కు వెళ్లేటప్పుడు సిఫారసు ఉత్తరం రాసింది టాగోరే.

ఈ రోజుల్లో లెర్నర్ సెంటర్డ్ అంటూ బీఈడీ పుస్తకాల్లో ఏది రాస్తున్నారో అదంతా ఆయనకు వందేళ్ల కింద ఇంట్లోనే దొరికింది. కాకపోతే అది ఒక్క కుటుంబానికి దొరికింది. మిల్లు ఓనర్ కొడుకుకు దొరికినట్టు మిల్లులో పనిచేసేవాళ్ల పిల్లలకు దొరికే సీన్ అప్పుడు లేదు. ఆయన జీవితంలో తర్వాత జరిగినవి చదువుతుంటే ఈ విషయమే నాకు పదే పదే గుర్తొచ్చింది.

కేంబ్రిడ్జ్‌లో 1940లో నేచురల్ సైన్సెస్ డిగ్రీ పూర్తయ్యేసరికి యుద్ధం నడుస్తోంది. ఇండియా తిరిగొచ్చి బెంగళూరు ఐఐఎస్‌సీలో సి.వి.రామన్ దగ్గర కాస్మిక్ కిరణాల మీద పనిచేశారు. హోమీ భాభాతో స్నేహం అక్కడే కుదిరింది. నాట్యకళాకారిణి మృణాళినిని పెళ్లి చేసుకున్నారు. యుద్ధం అయిపోయాక మళ్లీ కేంబ్రిడ్జ్ వెళ్లి 1947లో పీహెచ్‌డీ తెచ్చుకున్నారు. అదే ఏడాది నవంబర్‌లో అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ మొదలుపెట్టారు. అప్పటికి వయసు 28. ఆ తర్వాత మిల్లుల కోసం టెక్స్‌టైల్ రీసెర్చ్ సంస్థ, మేనేజ్‌మెంట్ కోసం ఐఐఎం అహ్మదాబాద్, 1963 నవంబర్ 21న తుంబా నుంచి మొదటి సౌండింగ్ రాకెట్. ఒక్కోదాని మీద ఒక్కో వ్యాసం రాయొచ్చు, ఇక్కడ వదిలేస్తున్నా.

1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో చనిపోయారు. అటామిక్ ఎనర్జీ కమిషన్ చైర్మన్ బాధ్యత సారాభాయ్ మీద పడింది. మన చౌరస్తా కథలోకి వచ్చేది ఇక్కడే. 1967 ఏప్రిల్‌లో అటామిక్ ఎనర్జీ శాఖ కింద హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఈసీఐఎల్, పుట్టింది. దాన్ని నిలబెట్టింది మన తెలుగువారు అయ్యగారి సాంబశివరావు, అదే ఏ.ఎస్.రావు. ఎలక్ట్రానిక్ పరికరాలు బయటి దేశాల నుంచి కొనకుండా మనమే చేసుకోవాలన్నది ఉద్దేశం.

అదే సంవత్సరం జనవరి 26న ఢిల్లీ చుట్టుపక్కల 80 ఊళ్లలో టీవీ సెట్లు పెట్టి కృషి దర్శన్ అనే రైతుల ప్రోగ్రామ్ ప్రారంభించారు. సారాభాయ్ దీన్ని ఒక టెస్ట్ రన్‌లా చూశారు. మన భాషలో చెప్పాలంటే ప్రోటోటైప్. అప్పటికి దేశం మొత్తంలో టీవీ స్టేషన్ ఉన్నది ఒక్క ఢిల్లీలోనే. మామూలుగా అయితే ఏం చేస్తారు? ముందు పెద్ద సిటీల్లో టవర్లు కడతారు, తర్వాత చిన్న టౌన్లు, ఊళ్లకు చేరేసరికి ఇంకో ముప్ఫై ఏళ్లు. ఈయన ఆ ఆర్డర్ తిరగేశారు. శాటిలైట్ నుంచి నేరుగా ఊళ్లోకి సిగ్నల్ దించితే అందరికన్నా చివర ఉన్నవాళ్లకే ముందు అందుతుంది కదా అన్నది ఆయన వాదన. పేద దేశానికి స్పేస్ ప్రోగ్రామ్ ఎందుకు అని అడిగినవాళ్లకు ఆయన దగ్గరున్న గట్టి జవాబు ఇదే. 1969 సెప్టెంబర్‌లో నాసాతో ఒప్పందం కుదిరింది: వాళ్ల ఏటీఎస్-6 శాటిలైట్‌ను ఇండియాకు ఒక ఏడాది ఇస్తారు, నేల మీద సెట్లు, ప్రోగ్రాములు అన్నీ మనవే. దాని పేరు సైట్.

ఇక్కడ ఒక చిక్కుంది. టీవీ అంటే ఒకవైపు నుంచే మాట్లాడే వస్తువు. పిల్లాడు అడిగేది దానికి వినపడదు. వర్క్‌షాప్‌లో రైలింజన్ బిగిస్తూ నేర్చుకున్న మనిషికి ఈ విషయం తెలియకుండా ఉంటుందా? తెలుసనే నా నమ్మకం. ఎందుకంటే అదే సమయంలో ఆయన అహ్మదాబాద్‌లో దీనికి పూర్తిగా ఉల్టా ఉన్న పని ఇంకోటి చేస్తున్నారు. 1966లో మొదలైన కమ్యూనిటీ సైన్స్ సెంటర్. మామూలు స్కూల్ పిల్లలు వచ్చి చేతులతో ప్రయోగాలు చేసుకునే చోటు అది. శంకుస్థాపనకు 1968లో తన గురువు రామన్‌ను పిలిచారు. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో అన్న విషయం మీద రామన్ అక్కడ మాట్లాడారు. నోబెల్ వచ్చిన మనిషి పిల్లల ముందు నిలబడి అలాంటి ప్రశ్న ఎత్తుకోవడం ఆ సెంటర్ ఎలాంటిదో చెబుతుంది.

అంటే ఆయన దగ్గర రెండు ముక్కలున్నాయి. ఒకటి లక్షల మందికి చేరుతుంది, కానీ వినదు. ఇంకోటి వింటుంది, కానీ ఒక ఊళ్లోనే ఉంటుంది. ఈ రెండూ కలిసేలోపే ఆయన వెళ్లిపోయారు. 1971 డిసెంబర్ 30న, కేరళలో కోవళం దగ్గర, నిద్రలోనే. వయసు 52. శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు.

సైట్ 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31న ముగిసింది. ఆరు రాష్ట్రాలు, సుమారు 2,400 ఊళ్లు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఊళ్లలో పెట్టిన సెట్లు తయారైంది మన ఈసీఐఎల్‌లోనే. ఒక్కో ఊళ్లో కోళ్ల గూటికి వాడే జాలీ లాంటి దానితో చేసిన మూడు మీటర్ల డిష్, కింద ఒక టీవీ. కరెంటు లేని కొన్ని ఊళ్లలో బ్యాటరీలతో నడిపారు. పొద్దున గంటన్నర స్కూల్ పిల్లలకు. హిందీ, కన్నడ, ఒరియా, తెలుగు భాషలకు సమానంగా పంచితే మన పిల్లలకు వచ్చేది 22 నిమిషాల 30 సెకన్లు. సాయంత్రం పెద్దవాళ్లకు. తెలుగు ప్రోగ్రాములు తీయడానికి హైదరాబాద్‌లో ఒక కేంద్రం ఉండేది. నాకు బాగా నచ్చిన సంగతేంటంటే, హైదరాబాద్ సిటీకి దూరదర్శన్ ప్రసారాలు వచ్చింది 1977లో. అంటే మన రాష్ట్రంలో కొన్ని పల్లెటూరి బడులు బంజారాహిల్స్ కన్నా ముందే తెలుగులో టీవీ చూశాయి. సారాభాయ్ తిప్పిన ఆర్డర్ నిజంగానే పనిచేసింది.

మరి చదువు సంగతి? తర్వాత జరిగిన పరిశీలనల్లో పిల్లల భాష మెరుగైందని, కొత్త విషయాలు వెతుక్కోవాలన్న ఆసక్తి పెరిగిందని తేలింది. బడిలో చేరేవాళ్ల సంఖ్యలో, మధ్యలో మానేసేవాళ్ల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. నాకైతే ఇందులో ఆశ్చర్యం కనిపించలేదు. పిల్లాడు బడి మానేసేది బోర్ కొట్టి మాత్రమే కాదు. ఇంట్లో పని ఉండి, పొలం ఉండి, చెల్లెల్ని చూసుకోవాల్సి వచ్చి. దాన్ని 22 నిమిషాల వీడియో ఏం చేయగలదు?

సైట్‌లో అన్నిటికన్నా గొప్ప భాగం పిల్లల ప్రోగ్రామ్ కాదనుకుంటా, టీచర్ల ట్రైనింగ్. సెలవుల్లో 12 రోజుల పాటు టీచర్లను టీవీ ఉన్న బడులకు పిలిచారు. రెండు విడతల్లో కలిపి సుమారు 50 వేల మంది. ఊరికే చూసి వెళ్లిపోవడం లేదు. టీవీ, రేడియో, అచ్చువేసిన యాక్టివిటీ పుస్తకం, వాటితో పాటు చేత్తో చేసే ప్రయోగాలు, కూర్చుని చర్చలు. ఊళ్లో దొరికే వస్తువులతోనే సైన్స్ ఎలా చెప్పాలన్నది సబ్జెక్ట్. సారాభాయ్ దగ్గర విడివిడిగా ఉన్న రెండు ముక్కలు, ఆయన పోయిన నాలుగేళ్లకు, ఆ 12 రోజులు ఒకే గదిలో కలిశాయి. స్క్రీన్ పిల్లాడి ముందు కాకుండా టీచర్ ముందు పెట్టడం చిన్న డిజైన్ మార్పే. కానీ ఆ సెలవులు అయిపోయాక బడిలో పిల్లాడి చేతికి రాయి, దారం, గ్లాసు, నీళ్లు వచ్చే అవకాశం దాంతోనే ఏర్పడింది.

1976 ఆగస్టుకు ఆ శాటిలైట్‌ను అమెరికా వెనక్కి తీసుకుంది. చాలా ఊళ్లలో డిష్‌లు ఆకాశం వైపు చూస్తూ అలాగే ఉండిపోయాయి. మన దేశం కేవలం చదువు కోసమే ఎడ్యుశాట్ అనే సొంత శాటిలైట్‌ను శ్రీహరికోట నుంచి ఎగరేసేసరికి 2004 వచ్చింది. 2020 సెప్టెంబర్ 1న, కరోనా టైమ్‌లో, తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లలకు పాఠాలు టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో వచ్చాయి. నేను అప్పుడు ప్రైవేట్ స్కూల్లో జూమ్ క్లాసులో మ్యూట్‌లో ఉన్నా. మా వీధిలో ప్రభుత్వ బడిలో చదివే తమ్ముడొకడు యాదగిరి ముందు నోట్‌బుక్ పట్టుకుని కూర్చునేవాడు. నాకు కనీసం అన్‌మ్యూట్ బటన్ ఉంది, వాడికి అదీ లేదు.

ఇప్పుడు ప్రభుత్వ హైస్కూళ్లకు పెద్ద ఇంటరాక్టివ్ ప్యానెళ్లు వచ్చాయి. ముట్టుకుంటే పనిచేస్తాయి, రాయొచ్చు, లెక్కలు చేయించొచ్చు. 1975 నాటి పెట్టెలా కాదు, ఇవి పిల్లాడి మాట వినగలవు. అయినా శామీర్‌పేట వైపు ఎన్ఎస్ఎస్ తరఫున మేం వెళ్లిన ఒక బడిలో ఆ ప్యానెల్ మీద వీడియోలు ప్లే అవుతుంటే పిల్లలు చేతులు కట్టుకుని చూస్తున్నారు. టీచర్‌ను తప్పుపట్టడానికి లేదు. ఒక్కరే మూడు క్లాసులు చూసుకుంటున్నారు, ఆ 12 రోజుల్లాంటిది ఆమెకు ఎవరూ ఇవ్వలేదు.

రెండో శనివారం వెళ్లినప్పుడు మావాళ్లు దారాలు, గ్రౌండ్‌లో ఏరిన రాళ్లు తీసుకెళ్లారు. ఎనిమిదో తరగతి పిల్లలు కిటికీ ఊచలకు లోలకాలు కట్టారు. ప్యానెల్ మీద ఒక మూల స్టాప్‌వాచ్, మిగతా భాగంలో ఖాళీ టేబుల్. పది ఊపులకు ఎంత టైమ్ పట్టిందో ఒక్కొక్కరే వచ్చి వేలితో రాశారు, గ్రాఫ్ దానంతటదే వచ్చింది. పెద్ద రాయి తొందరగా ఊగుతుందని సగం క్లాసు, కాదని మిగతా సగం. గ్రాఫ్ చూశాక కూడా ఒక అమ్మాయి ఒప్పుకోలేదు. దారం పొడుగు సరిగ్గా కొలవలేదని పట్టుబట్టి, ముడి విప్పి మళ్లీ కట్టడం మొదలుపెట్టింది. బెల్ కొట్టినా ఆ బ్యాచ్ కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.