నేటాలు బిషపు కొలెన్సో

మహాత్మాగాంధీ ఆత్మకథను చదివినవారికి కొలెన్సో యను పేరు క్రొత్తది కాదు. 1899 డిసెంబరులో బోయరు యుద్ధమునందు ఆంగ్లసేనలు ఓడిపోయిన యూరి పేరది. గాయపడినవారిని మోసికొని పోవుటకు గాంధీగారు కూర్చిన భారతీయదళము ఆ రణరంగమున పనిచేసెను. టుగేలా నదీతీరమునందలి ఆ చిన్న యూరికి ఒక క్రైస్తవ మతాచార్యుని పేరు పెట్టిరని యెఱిగినవారు మాత్రము కొలదిమందియే. ఆయన జాన్ విలియం కొలెన్సో, నేటాలు దేశమునకు మొదటి బిషపు. ఆయనను తన సంఘమువారే వెలివేసిరి. మూలసిద్ధాంతములను ప్రశ్నించినచో విశ్వాసము నిలుచునా, వేదగ్రంథమునకు గౌరవముండునా యను వివాదమునకు ఆయన జీవితము కంటె తగిన దృష్టాంతము దొరకుట కష్టము. ఏలయన ఆయన వెలుపల నిలిచి రాళ్లు రువ్విన నాస్తికుడు కాడు. పీఠముపై కూర్చుండి ప్రశ్నించిన ఆచార్యుడు.

1814 జనవరి 24వ తేదీన ఇంగ్లండునందలి కార్న్‌వాల్ సీమలో ఆయన జన్మించెను. తండ్రి తగరపు గనిలో పెట్టిన సొమ్ము, సముద్రపు నీరు గనిలో చొరబడుటచే, నాశమయ్యెను. లేమితో పెనుగులాడుచు కొడుకు కేంబ్రిడ్జి చేరి, 1836లో రెండవ రాంగ్లరుగా ఉత్తీర్ణుడయ్యెను. హారో పాఠశాలలో గణితము చెప్పుచుండగా ఇల్లు తగులబడి పెద్ద అప్పు నెత్తిన పడెను. తాను వ్రాసిన అంకగణిత, బీజగణిత పాఠ్యగ్రంథముల హక్కులను విక్రయించి ఆ ఋణభారమును దించుకొనెను. లెక్కలు ఆయనను ఒకసారి గట్టెక్కించినవి; అవే లెక్కలు తరువాత ఆయనను నడిసముద్రమున నిలిపినవి.

నార్ఫోకు సీమలోని యొక పల్లెలో కొన్ని యేండ్లు గురుత్వము నెఱపిన పిమ్మట, 1853 నవంబరు 30వ తేదీన నేటాలు బిషపుగా అభిషిక్తుడయ్యెను. 1855లో కుటుంబముతో అచ్చట స్థిరపడి, పీటర్‌మారిట్జుబర్గు పట్టణ సమీపమున ఆశ్రమమును, పాఠశాలను, ముద్రణాలయమును నెలకొల్పెను. వెలుగు గల చోటు అను అర్థమిచ్చు ఎకుఖన్యేని యను జులూ నామమును దానికి పెట్టెను. జులూభాషను నేర్చి వ్యాకరణము రచించెను. 1861లో నిఘంటువును ప్రకటించెను. బైబిలు నాభాషలోనికి మార్చుటకు పూనుకొనెను. జులూలు ఆయనను సొబాంతు, అనగా ప్రజల తండ్రి, అని పిలిచిరి. చెఱకుతోటల పనికై మదరాసు రేవునుండి మనవారిని తీసికొనిపోయిన ట్రూరో యను ఓడ 1860 నవంబరులో డర్బను చేరినపుడు ఆయన ఆ దేశముననే యుండెను.

ఆయనకును తక్కిన మిషనరీలకును మొదటి భేదము జులూల కుటుంబ విషయమున వచ్చెను. పలువురు భార్యలు గలవాడు బాప్తిస్మము కోరినచో, ఒక్కతెను ఉంచుకొని తక్కినవారిని పంపివేయవలెనని మిషనరీలు నిర్బంధించుచుండిరి. బహుభార్యాత్వమును కొలెన్సో మెచ్చలేదు. కాని, దోషమెఱుగక కాపురము చేసిన స్త్రీలను, వారి బిడ్డలను వీథిపాలు చేయుట క్రీస్తుధర్మ మెట్లగునని ఆయన యడిగెను. రెండవ భేదము ఇంతకంటె లోతైనది. క్రీస్తు పేరైనను వినక చనిపోయిన తమ తాతముత్తాతలు నిత్యనరకమున కాలుచున్నారని జులూలకు బోధించుటకు ఆయనకు నోరు రాలేదు. 1861లో, పౌలు రోమీయులకు వ్రాసిన లేఖకు వ్యాఖ్యానము ప్రకటించి, దానియందు నిత్యదండన సిద్ధాంతమును త్రోసివేసెను. దేవుని కోపమును చల్లార్చుటకై క్రీస్తు మానవులకు బదులుగా శిక్ష ననుభవించెనను బోధను గూడ నిరాకరించెను. దేవుడు తండ్రియన్న మాటను ఆయన అక్షరాలా నమ్మెను. తక్కిన సిద్ధాంతములను ఆ మాటతోనే తూచెను.

పెద్ద తుపాను మాత్రము వేఱొక ప్రశ్నతో బయలుదేరెను. బైబిలు అనువాదమునందు ఆయనకు తోడ్పడుచుండిన విలియం ఎంగిడి యను జులూ, నోవహు కాలపు జలప్రళయ కథ వచ్చినపుడు, ఇదంతయు నిజముగా జరిగినదా యని యడిగెను. వేడిదేశముల మృగములును చలిదేశముల మృగములును జంటజంటలుగా ఎట్లు కూడివచ్చినవి? అన్నిటికిని మేత ఎట్లు దొరకెను? పశువుల మధ్య పుట్టి పెరిగినవాడు అడుగదగిన ప్రశ్నలే ఇవి. కొలెన్సో భూగర్భశాస్త్రమును చదివినవాడు. లోకమంతయు మునిగిన ప్రళయము ఆ శాస్త్రముతో పొసగదని ఆయన యెఱుగును. ఎఱిగియుండియు, దేవుని పేర నిజమని చెప్పుటకు ఆయన మనస్సు ఒప్పలేదు. ఇచ్చట ఒక విషయము గమనింపదగినది. ఈ ప్రశ్న విశ్వాసము లోపించినందున పుట్టలేదు. తన్ను నమ్మి యడిగిన శిష్యుని మోసగింపరాదను ధర్మమునుండి పుట్టెను.

అంతట ఆయన పంచకాండములను, యెహోషువ గ్రంథమును లెక్కలతో పరీక్షింప మొదలిడెను. 1862 మొదలు 1879 వఱకు ఏడు భాగములుగా ఆ గ్రంథము వెలువడెను. అందలి పద్ధతి ఏ కరణమునకైనను బోధపడును. ఐగుప్తునుండి వెడలిన ఇశ్రాయేలీయులలో యుద్ధయోగ్యులైన పురుషులు 6,03,550 అని సంఖ్యాకాండము చెప్పుచున్నది. తొలిచూలు మగవారు 22,273 అనియు అదియే చెప్పుచున్నది. భాగించి చూచినచో ఒక్కొక్క తొలిచూలివానికి ఎదిగిన పురుషులే ఇరువదియేడుగురు వత్తురు. చిన్నపిల్లలను గూడ చేర్చినచో ఒక్కొక్క తల్లికి నలువదిమందికి పైగా కొడుకులు పుట్టియుండవలెను. ప్రత్యక్షపు గుడారము ముంగిలి నూరు మూరల పొడవు, ఏబది మూరల వెడల్పు. సమాజమంతయు అచ్చట కూడెనని యున్నది. లక్షల మాట యటుండగా, పదివేలమందికైనను అందు చోటు చాలదు. బలియిచ్చిన కోడె నంతను యాజకుడు పాళెము వెలుపలికి కొనిపోవలెనని విధి. ఇరువదిలక్షల జనము విడిసిన పాళెమనగా ఒక మహానగరము. కుందేలు నెమరువేయునని లేవీయకాండమున గలదు. అది నెమరువేయదని పశువులకాపరు లెఱుగుదురు. ఇట్టివి లెక్కలేనన్ని చూపి, ఈ గ్రంథములు మోషే యొక్కడే వ్రాసినవి కావనియు, పెక్కు కాలములలో పెక్కుచేతులు కూర్చినవనియు ఆయన నిర్ణయించెను. పంచకాండములు పలు మూలములనుండి కూర్పబడినవను మాట నేటి పండితులలో అధికులకు ఆశ్చర్యము కలిగింపదు. నాడు అది పిడుగు. జులూలను మార్చ బోయిన బిషపును ఒక జులూయే మార్చెనని ఇంగ్లండున ఎగతాళి చేసిరి.

పరిహాసమును ఆయన లెక్కచేయలేదు. స్నేహితులు విడిచిపోవుట మాత్రము బాధించెను. నిత్యనరకమును శంకించినందుకు 1853లో లండను కింగ్సు కళాశాలనుండి తొలగింపబడిన ఫ్రెడరిక్ డెనిసన్ మారిసునకు, అదే సంవత్సరమున, తనకు కీడు కలుగునని యెఱిగియు కొలెన్సో తన ఉపన్యాసముల నంకితమిచ్చెను. అట్టి మారిసే ఇప్పుడు ముఖము చాటువేసెను. సత్యమును కోరు మాథ్యూ ఆర్నల్డు వంటి విమర్శకుడు సైతము, ఈ పుస్తకము పామరులను తీర్చిదిద్దునది గాని, పండితులకు క్రొత్త చెప్పునది గాని కాదని 1863లో తీసివేసెను. ఆర్నల్డు మాటలో కొంత నిజము లేకపోలేదు. సంఖ్యలు సరిపడవని చూపినంత మాత్రమున, ఆ గ్రంథము ఇన్ని శతాబ్దములు ఇందఱి హృదయములను ఎట్లు పట్టుకొన్నదో చెప్పినట్లు కాదు. అయినను లేడెనునందలి కూనెను వంటి మహాపండితుడు కొలెన్సో లెక్కలను చూచి తన సిద్ధాంతములను సవరించుకొనెను.

విరోధుల వాదమునందు బలమైన దొకటి కలదు. దానిని తేలికగా చూడరాదు. యేసుక్రీస్తు మోషే వ్రాతలను ప్రస్తావించి బోధించెను గదా, అవి మోషే వ్రాసినవి కానిచో క్రీస్తు పొరపడెనా? పొరపడినవాడు దేవుడెట్లగును? ఒక రాయి లాగినచో గోపుర మంతయు కూలునని వారి భయము. మానవజన్మ మెత్తినవాడు మానవుని మేరలోని జ్ఞానముతోనే మెలగెననియు, యూదుల గ్రంథచరిత్రమును నేర్పుటకు ఆయన రాలేదనియు కొలెన్సో సమాధానము. ఈ సమాధానము చాలునని కొందఱు తృప్తిపడిరి. చాలదని విశ్వాసమును వదలుకొన్నవారును లేకపోలేదు. శంక ఎవరికిని నష్టము చేయలేదని చెప్పుట కొలెన్సోకు గూడ న్యాయము చేయుట కాదు.

1863 చివర కేప్‌టౌనులో ప్రధానబిషపు రాబర్టు గ్రే విచారణ జరిపి, కొలెన్సోను పదవినుండి తొలగించినట్లు తీర్పు చెప్పెను. కొలెన్సో ప్రీవీ కౌన్సిలునకు పోయెను. మన జమీందారీ వ్యాజ్యములు తుదకు చేరుచుండిన ఆ న్యాయస్థానము, గ్రేకు అట్టి యధికారమే లేదని 1865 మార్చిలో తేల్చెను. మరుసటి సంవత్సరము ఆయన జీతమును ఆపరాదని మఱియొక తీర్పు వచ్చెను. ఆయన తిరిగి వచ్చినపుడు ప్రధానాలయపు తలుపులకు తాళములు పడియుండెను. 1866 జనవరిలో ఆయనను వెలివేసినట్లు ఆ యాలయముననే చదివిరి. 1867లో ఆంగ్లికను బిషపులు 76 మంది లండనునందు లాంబెతు సభ గావించుటకు ఈ కలహమే ముఖ్యకారణము. 1869లో మెక్రోరీ యను మఱియొక బిషపు వచ్చెను. ఒకే పట్టణమున ఇద్దఱు బిషపులు, రెండు సమాజములు. ఎకుఖన్యేని పాఠశాల క్షీణించెను. గ్రే దుర్మార్గుడు కాడు. సంఘము రాజు చెప్పుచేతలలో ఉండరాదని కోరినవాడు ఆయన; రాజశాసనమును పట్టుకొని పీఠమున నిలిచినవాడు కొలెన్సో. స్వాతంత్ర్యప్రియులు ఈ ఘట్టమున ఎవరి పక్షమో తేల్చుకొనుట యంత సులభము కాదు.

శంకించినవాని విశ్వాసము ఏమయ్యెనో 1873లో తెలిసెను. హ్లూబీ తెగ నాయకుడగు లంగలిబలేలే తుపాకులు నమోదు చేయించలేదని, పిలిచిన రాలేదని ప్రభుత్వము సేనను పంపెను. కొండకనుమలో కొందఱు సైనికులు చచ్చిరి. ప్రతీకారముగా ఆ తెగనంతను చెల్లాచెదరు చేసి, భూములు లాగికొని, లెఫ్టినెంటు గవర్నరు పైనుదొరయే న్యాయాధిపతియై నాయకునికి యావజ్జీవ ప్రవాసశిక్ష విధించెను. పిమ్మట మండేలా మూలమున లోకప్రసిద్ధమైన రాబెను దీవికి అతనిని పంపిరి. కొలెన్సో సాక్షుల వాఙ్మూలములను తెప్పించి, పంచకాండములను చదివిన కన్నులతోనే వానిని చదివెను. నాయకుడు రాకుండుట తిరుగుబాటు కాదు, భయము. 1858లో మత్యానా యను వేఱొక నాయకుని సంప్రదింపులకని పిలిచి, దాచిన తుపాకులతో పట్టుకొన జూచిరి. ఆ పని చేసినవాడు స్థానికుల వ్యవహారముల కార్యదర్శి థియోఫిలస్ షెప్‌స్టను తమ్ముడే. థియోఫిలస్ కొలెన్సోకు ఇరువదియేండ్ల ప్రాణమిత్రుడు. ఆతని పాలనాపద్ధతిని కొలెన్సో చాలకాలము మెచ్చినవాడే. సత్యము బయటపడగానే ఆ స్నేహము తెగిపోయెను. మతకలహమునందు ఆయనను బలపఱచిన తెల్ల వలసవారందఱును ఈసారి విరోధులైరి. మోషే లెక్కలు తప్పన్న బిషపును వారు సహించిరి. తమ లెక్కలు తప్పన్న బిషపును సహింపలేదు. 1874లో ఆయన లండనుకు పోయి మంత్రియగు కార్నర్వానుతో వాదించెను. ఫలితముగా పైను పదవి పోయెను; నాయకుని దీవినుండి నేలకు మార్చిరి.

1879 జనవరిలో ఆంగ్లసేనలు జులూరాజ్యముపై దండెత్తెను. 22వ తేదీన ఇసాండ్ల్వానా కడ వారిపక్షమున పదుమూడువందలకు పైగా కూలిరి. కొలెన్సో కుటుంబమునకు ఆప్తుడైన డర్న్‌ఫర్డు అందు మరణించెను. పట్టణమంతయు పగతో మండుచుండెను. మార్చి 12వ తేదీన, ప్రభుత్వము నియమించిన ప్రార్థనాదినమున, కొలెన్సో వేదిక నెక్కి మీకా ప్రవక్త గ్రంథమునుండి న్యాయము, దయ, వినయము అను మూడు ధర్మములను గూర్చిన వాక్యమును తీసికొనెను. ఈ యుద్ధమున మనము చూపిన న్యాయమెక్కడ, దయ యెక్కడ యని, బంధువులను పోగొట్టుకొన్నవారి యెదుటనే, అడిగెను. చచ్చిన జులూలకొఱకు ఏడ్చువారు గూడ కలరని గుర్తుచేసెను. సంఖ్యాకాండపు లెక్కలను త్రోసివేసిన యాయనకు మీకా వాక్యమును పలుకుటకు ఏ జంకును కలుగలేదు. అక్షరాక్షరమును దైవవాక్కుగా నమ్మిన వలసవారిలో ఆనాడు ఆ వాక్యమును విని ఓర్చుకొన్నవారు అరుదు.

చెరపట్టబడిన జులూరాజు సెట్‌వాయోను 1880లో ఆయన కేప్‌టౌనుకు పోయి చూచెను. రాజును తిరిగి గద్దెయెక్కించుటకై పుటలు పుటలుగా అచ్చువేసి పంపుచుండెను. ఆయన ముద్రణాలయమున పనిచేసిన మగేమా ఫూజే, 1922లో ప్రకటితమైన తొలి జులూ చరిత్రగ్రంథములలో నొకదానిని రచించినవాడు. 1883 జనవరిలో రాజు తిరిగి వచ్చెను. ఆ సంవత్సరము జూను 20వ తేదీన కొలెన్సో మరణించెను. తాళములు వేసి వెలిశాసనము చదివిన ఆ సెయింటు పీటరు ఆలయముననే, పూజావేదిక యెదుట, ఆయనను పాతిపెట్టిరి. మరుసటి యేడు కార్చిచ్చు వచ్చి ఆయన యింటిని దహించెను. పెద్దకూతురు హారియెట్ ఆ దేశముననే నిలిచి, సెట్‌వాయో కుమారుడగు డినుజులు మీద 1888లో రాజద్రోహాభియోగము వచ్చినపుడు అతని పక్షమున వాదమును నడిపించెను. జులూలు ఆమెకు సొబాంతుని చేతికఱ్ఱ యని పేరు పెట్టుకొనిరి.