రామానుజన్ వేసిన ప్రశ్నలు

అవధానంలో పృచ్ఛకుడు ఒక సమస్య ఇస్తాడు, అవధాని దానిని పూరిస్తాడు. ఉర్దూ తరహీ ముషాయిరాలో ఒక మిస్రాను ముందుగా ప్రకటిస్తారు. ఊరూరి కవులు దానిపై గజళ్ళు అల్లి తెస్తారు. ఒకరి ముఖం ఒకరు ఎరుగనివారు సైతం ఒకే పాదం చుట్టూ చేరడం ఆ సంప్రదాయాలలోని సొగసు. గణితశాస్త్రంలోనూ అటువంటి వేదిక ఒకటి ఉండేది. శ్రీనివాస రామానుజన్ అనే నిరుపేద యువకుడికి లోకంతో తొలి పరిచయం కలిగించినది ఆ వేదికయే. నేను తెలుగు బోధించేవాడిని, గణితంలో నా ప్రవేశం స్వల్పం. అయినా ఈ కథ నన్ను చిరకాలంగా వెంటాడుతున్నది.

రామానుజన్ 1887 డిసెంబరు 22న ఈరోడులో జన్మించి కుంభకోణంలో పెరిగాడు. బాల్యంలో చేతికందిన ఒక గణిత సూత్రాల సంకలనం అతనికి వ్యసనమైంది. ఆ మత్తులో తక్కిన పాఠ్యాంశాలను అశ్రద్ధ చేశాడు. ఫలితంగా కళాశాలలో వేతనం పోయింది. 1905లో ఎవరికీ చెప్పకుండా ఇల్లు విడిచి మన విశాఖపట్నం వరకు వెళ్ళాడు. తరువాత మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరినా ఎఫ్.ఏ. పరీక్ష దాటలేకపోయాడు. 1909లో వివాహమైంది. పట్టా లేదు, ఉద్యోగం లేదు, కాగితం కొనడానికి డబ్బు లేదు. పలకమీద లెక్క చేసి, మోచేతితో తుడిచి, ఫలితాన్ని మాత్రం నోటుపుస్తకంలో వ్రాసుకొనేవాడు. దారి చెరిగిపోయేది, గమ్యం మిగిలేది.

1907లో వి. రామస్వామి అయ్యర్ గారనే డిప్యూటీ కలెక్టరు గణితప్రియులను కూర్చి ఒక సంఘాన్ని స్థాపించారు. అదే పిమ్మట ఇండియన్ మాథమాటికల్ సొసైటీగా పేరొందింది. రామానుజన్ తాలూకా కచేరీలో గుమాస్తా పని కోరి ఆయన వద్దకు వెళ్ళాడు. నోటుపుస్తకం చూసిన అయ్యర్ గారు ఈ ప్రతిభను కచేరీ దస్త్రాలలో పూడ్చడం పాపమని తలచి, సిఫారసు ఉత్తరాలిచ్చి మద్రాసు పంపారు. ఆ త్రోవలోనే 1910లో మన నెల్లూరు జిల్లా కలెక్టరు రామచంద్రరావుగారి పరిచయం కలిగింది. ఆ వదాన్యుడు నెలకు 25 రూపాయలు ఇవ్వసాగారు.

ఆ సంఘపు పత్రికలో పాఠకులకై ప్రశ్నల శీర్షిక ఉండేది. ఎవరైనా ప్రశ్న పంపవచ్చు, ఎవరైనా జవాబు వ్రాయవచ్చు. 1911లో రామానుజన్ అందులో ప్రవేశించాడు. అప్పటినుండి 1919 వరకు అతని ప్రశ్నలు దాదాపు 60 వెలువడినాయి. వాటిలో 289వ సంఖ్యగల ప్రశ్న ప్రసిద్ధం. 1కి ఒక వర్గమూలాన్ని 2 రెట్లు చేసి కలిపి, మొత్తానికి వర్గమూలం తీయాలి. ఆ లోపలి వర్గమూలంలో మరల 1, దానికి 3 రెట్లు వేరొక వర్గమూలం, దానిలో 1, 4 రెట్లు ఇంకొకటి, ఇలా అంతులేదు. విలువ ఎంత?

మూడు సంచికలు వచ్చాయి. ఆరు నెలలు గడిచినా ఒక్క జవాబైనా రాలేదు. చివరకు జవాబు 3 అని అతడే చెప్పవలసి వచ్చింది. చూడండి: 3 అంటే 9కి వర్గమూలం, ఆ 9 అనగా 1+2×4. అందులోని 4 అంటే 16కి వర్గమూలం, ఆ 16 అనగా 1+3×5. 5 అంటే 25కి వర్గమూలం, 25 అనగా 1+4×6. ఉన్నత పాఠశాల విద్యార్థికి సైతం అందే కీలకం ఇది! అయితే అంతులేని ఆ వరుస నిజంగా 3 వద్దనే నిలుస్తుందని వేరుగా నిరూపించాలి. ఆ పని రామానుజన్ చేయలేదు. అతని మరణానంతరం 1927లో వెలువడిన వ్యాససంపుటి అనుబంధంలో టి. విజయరాఘవన్ ఆ లోటు తీర్చాడు. గురువు లేకుండా పెరిగిన మేధకు ఇటువంటి తోడు ఎంత అవసరమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో 30 రూపాయల జీతంపై గుమాస్తాగా చేరాడు. ఇంగ్లండులోని పండితులకు ఉత్తరాలు వ్రాశాడు. బేకర్, హాబ్సన్‌లనుండి ప్రోత్సాహం లభించలేదు. 1913 జనవరి 16న వ్రాసిన ఉత్తరం కేంబ్రిడ్జిలో హార్డీకి చేరింది. నిరూపణలు లేని సూత్రాలతో నిండిన ఆ పుటలను హార్డీ, లిటిల్‌వుడ్ కలిసి కూర్చొని పరిశీలించి, వ్రాసినవాడు అసాధారణుడని గ్రహించారు. మరుసటి ఏడు రామానుజన్ ఓడ ఎక్కాడు.

అక్కడి ముచ్చట ఒకటి. 1914 డిసెంబరులో స్ట్రాండ్ మాసపత్రికలో ఒక పొడుపులెక్క పడింది. ఒక వీధిలో 50కి మించి 500 లోపు ఇళ్ళున్నాయి. ఒక ఇంటికి ఒక ప్రక్కనున్న ఇంటి నంబర్ల మొత్తం, రెండవ ప్రక్క మొత్తానికి సమానం. ఆ ఇల్లు ఏది? అప్పుడు విద్యార్థిగా ఉన్న మహలనోబిస్ కొద్ది నిమిషాలలో జవాబు కనుగొని, పొయ్యిమీద కూరలు కలుపుతున్న మిత్రుడు రామానుజన్‌కు లెక్క చదివి వినిపించాడు. గరిటె తిప్పుతూనే రామానుజన్ భిన్నంలో భిన్నం, దానిలో మరొక భిన్నంగా సాగే వరుసను చెప్పి వ్రాసుకొమ్మన్నాడు. 288 ఇళ్ళలో 204వది అనే జవాబు అందులో ఒకటి మాత్రమే. 8 ఇళ్ళలో 6వది అయినా సరిపోతుంది: ఇటు 1 నుండి 5 వరకు 15, అటు 7, 8 కలిపి 15. ఇలాంటి జవాబులన్నీ ఆ వరుసలో ఇమిడి ఉన్నాయి.

1918లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. కాని అప్పటికే శరీరం శిథిలమైంది. 1919లో స్వదేశం చేరి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశాడు. వయస్సు 32. భార్య జానకి అమ్మాళ్ అటుపై ఏడు దశాబ్దాలకు పైగా జీవించింది.

1913లో అతడు పత్రికకు పంపిన మరొక ప్రశ్న అప్పటికీ మిగిలే ఉంది. 2ను 3, 4, 5, 7, 15 సార్లు వేసి గుణించి 7 తీసివేస్తే పూర్ణవర్గం వస్తుంది: 8లో 7 పోతే 1, 16లో పోతే 9, 32లో 25, 128లో 121. 32768లో 7 పోతే 32761, అది 181 వర్గం. ఇటువంటివి ఇంకా ఉన్నాయా? 1943లో నార్వేలో ల్యుంగ్‌గ్రెన్ అనే పండితుడు అదే ప్రశ్నను స్వతంత్రంగా వేశాడు. 1948లో నాగెల్ అనే మరొక నార్వే గణితవేత్త ఆ ఐదు తప్ప వేరేవి లేవని నిరూపించాడు. అప్పటికి రామానుజన్ మరణించి 28 ఏళ్ళు.