హెలెన్ కెల్లరుకు చదువు చెప్పిన టీచరమ్మ

పిల్లవాడు మొండికేసినప్పుడు ఉపాధ్యాయుడు ఎంతవరకు ఓర్చుకొనవలెను? ఏ పనిని పిల్లవానికే విడిచిపెట్టవలెను? సండే స్కూలులో పాఠములు చెప్పు మాకు ఈ చిక్కు ప్రతి వారము వచ్చునదే. అందుచేత ఆనీ సలివన్ అమ్మగారి జీవితము మమ్ములను బాగుగా ఆకట్టుకొన్నది.

ఆమె 1866లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రములో ఒక బీద ఐరిష్ కుటుంబమున పుట్టెను. చిన్ననాడే జబ్బుచేసి చూపు మందగించెను. తల్లి చనిపోగా, తమ్మునితో కూడ బీదల ఆశ్రమమున చేరవలసివచ్చెను. ఆ తమ్ముడును అక్కడనే మరణించెను. 14 ఏండ్లకు బోస్టనులోని పెర్కిన్స్ అంధుల పాఠశాలలో చేరునాటికి ఆమెకు చదువు రాదు, కోపము మాత్రము మెండు. ఆ కోపమును ఓర్చిన ఉపాధ్యాయులు అక్కడ ఉండిరి. 1886లో ఆమె తరగతిలో ప్రథమురాలై బయటికి వచ్చెను.

1887 మార్చి 3న అలబామా రాష్ట్రములోని టస్కంబియాకు, హెలెన్ కెల్లరుకు చదువు చెప్పుటకు వచ్చెను. ఆ పిల్లకు ఏడేండ్లు నిండలేదు. చూపు, వినికిడి రెండును లేవు. జాలికొద్దీ ఇంటివారు ఏమియు అనరు. భోజనపు బల్ల చుట్టు తిరిగి అందరి పళ్లెములలో చేయి పెట్టెడిది. ఆనీ తన పళ్లెము ముట్టనీయలేదు. ఇంటివారు లేచిపోగా తలుపు గడియ వేసెను. పిల్ల నేలపై పడి తన్నుకొనెను, గిల్లెను, చెంచా విసరివేసెను. తన చెంచాతో తాను తిని, తన రుమాలు తాను మడచువరకు ఆనీ వదలలేదు. రుమాలు మడచుట ఎంత పని? తానే మడచి ముగింపవచ్చును. మాలో చాలమందిమి అట్లే చేసి, దానిని ఓర్పు అనుకొందుము. ఆనీ మాత్రము ఆ తరువాత తన గదిలోనికి పోయి ఏడ్చెను.

ఏప్రిల్ 5వ తేదీ నీటిపంపు కథ అందరికి తెలిసినదే. ఒక చేతిపై చల్లని నీరు పడుచుండగా, రెండవ చేతిలో ఆనీ వ్రేళ్లతో నీరు అను మాట అక్షరములుగా తెలిపెను. ప్రతి వస్తువునకు పేరుండునని హెలెనుకు అప్పుడే తెలిసెను. ఆ ఉదయమే ఆమె విసుగుతో బొమ్మను నేలకు కొట్టి పగులగొట్టి, ఏమాత్రము విచారపడలేదు. పంపు వద్దనుండి ఇంటికి వచ్చినంతనే ఆ ముక్కలను వెదకి, అతికింపజూచి, ఏడ్చెను. తాను చేసినది తనదని ఆమె తెలిసికొన్నది ఆనాడే.

తరువాత రాడ్‌క్లిఫ్ కళాశాలలో ఆనీ ప్రక్కన కూర్చుండి, తన బలహీనపు కండ్లను లెక్కచేయక, ఉపన్యాసములన్నియు హెలెను చేతిలో తెలుపుచుండెను. అయితే 1899లో ప్రవేశపరీక్షలకు ఆమెను లోనికి రానీయలేదు. ప్రశ్నపత్రములను వేరొకరు బ్రెయిలీలో వ్రాసి ఇయ్యగా, హెలెన్ టైపు మిషనుపై ఒంటరిగా జవాబులు వ్రాసి గెలిచెను. 1904లో పట్టము పొందెను.

ఆనీ 1936 అక్టోబరు 20న కన్నుమూసెను. ఆమె అస్థికలు వాషింగ్టన్ కథీడ్రల్‌లో ఉన్నవి. 1968లో హెలెన్ అస్థికలను అక్కడనే ఉంచిరి.