గురుఋణం తీర్చిన గాత్రం

ఒకప్పుడు విజయనగరం వీధులలో ఒక బాలుడు జోలె పట్టి, ఇంటింటి ముంగిట నిలిచి మధుకరం అడిగేవాడు. తరువాతి కాలంలో తెలుగునాట ఊరూరా మారుమ్రోగిన గాత్రం ఆ బాలునిదే.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న గుడివాడ తాలూకా చౌటపల్లిలో జన్మించారు. తండ్రి సూరయ్యగారు తరంగాలు పాడుతుంటే పసివాడు నాట్యమాడేవాడు. ఆ తండ్రి చిన్ననాడే గతించారు. కొడుకు సంగీతవిద్వాంసుడు కావలెనన్న ఆయన కోరికే కుమారునికి మిగిలిన ఆస్తి. వేలి ఉంగరం అమ్ముకొని విజయనగరం చేరిన ఆ నిరుపేదను, సాలూరి చినగురువుగా పేరొందిన పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆదరించి, ప్రతిఫలం కోరక విద్య నేర్పారు. మహారాజా సంగీత కళాశాలలో చదువు ఆ పిమ్మటిది.

1942 ఉద్యమంలో పాల్గొని అలీపురం జైలులో శిక్ష అనుభవించారు. ఆపైన మద్రాసు చేరి, సముద్రాల రాఘవాచార్యగారి అండతో సినిమారంగాన బృందగాయకునిగా అడుగుపెట్టారు. మనదేశం (1949), పాతాళభైరవి (1951) చిత్రాలతో సంగీతదర్శకునిగా స్థిరపడ్డారు. దేవదాసు విషాదాన్నీ, మాయాబజార్ హాస్యాన్నీ, కొనకళ్ళ వెంకటరత్నంగారి పల్లెపాటల సొగసునూ ఆ ఒక్క కంఠమే పలికించింది.

అయితే ఆయన చేసిన మహోపకారం పద్యానికి. నాటకరంగంపై పద్యమంటే దీర్ఘమైన రాగాలాపన. అందులో అర్థం తరచు మునిగిపోయేది. ఘంటసాల రాగాన్ని భావానికి లోబరచి, ప్రతి అక్షరమూ వినబడునట్లు పాడారు. కరుణశ్రీ పుష్పవిలాపాన్ని రికార్డుపై విని కంఠస్థం చేసిన నిరక్షరాస్యులు ఎందరో! బడి చేయలేని పనిని ఆ రికార్డు చేసింది.

గురువుగారి కుమారులు పట్రాయని సంగీతరావుగారు మద్రాసులో ఆయనకు సహాయకులై, చివరివరకు హార్మోనియంతో ప్రక్కన నిలిచారు. అన్నం పెట్టిన ఇంటిని ఆయన మరువలేదు. ఆ ఇల్లూ ఆయనను విడువలేదు.

1970లో పద్మశ్రీ లభించింది. ఆరోగ్యం క్షీణించిన దినాలలోనే భగవద్గీత శ్లోకాలను తెలుగు తాత్పర్యంతో రికార్డు చేశారు. అది ప్రజలకు అందేసరికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు.

నేటికీ పద్యం ఎట్లు చదవవలెనని విద్యార్థి అడిగితే, ఉపాధ్యాయుడు ఆ కంఠాన్ని వినిపిస్తే చాలును. విజయనగరం పెట్టిన పిడికెడు మెతుకుల ఋణం అట్లు నిత్యమూ తీరుతూనే ఉన్నది.