మట్టిని గురువుగా నెన్నుకొనిన జార్జి వాషింగ్టన్ కార్వర్

కలము పట్టిన చేయి పాఱ పట్టుట చిన్నతనమని తలంచువారు కలరు. అది పొరపాటని తన జీవితముచే చాటిన మహనీయులలో జార్జి వాషింగ్టన్ కార్వర్ పండితు డొకడు.

ఈయన సుమారు 1864వ సంవత్సరమున అమెరికా దేశములోని మిస్సౌరీ రాష్ట్రమునందు, డైమండ్ అను గ్రామము చెంత, ఒక నీగ్రో బానిస స్త్రీకి జన్మించెను. బానిసబిడ్డల పుట్టుక నెవరును శ్రద్ధగా వ్రాసి యుంచలేదు గనుక సరియైన తేది తెలియదు. శైశవముననే దోపిడిగాండ్రు తల్లిని, బిడ్డను ఎత్తుకొనిపోయిరి. బిడ్డ దొరకెను గాని తల్లి మరల కానరాలేదు. 1865లో బానిసత్వము రద్దయిన పిదప యజమాని దంపతులే జార్జిని, అతని యన్నను పెంచిరి.

జార్జి రోగిష్ఠి యగుటచే అతనికి పొలములోని బరువుపనులకు బదులు ఇంటిపనియు, తోటపనియు చెప్పిరి. ఆ తోటయే అతని తొలి పాఠశాల. అతడు అడవిలో రహస్యముగా ఒక చిన్న తోట వేసికొని, వాడిన మొక్కలకు మన్ను మార్చుచు, నీటిని, నీడను సవరించుచు పరిశీలించెడివాడు. ఇరుగుపొరుగువారు అతనికి మొక్కల వైద్యుడని పేరు పెట్టిరి.

ఆ గ్రామమునందలి బడిలో నల్లవారి పిల్లలకు చోటు లేదు. అందుచే జార్జి ఇల్లు విడిచి నియోషో పట్టణమునకు పోయి చదివెను. తరువాత బట్టలుతికియు, వంట చేసియు పొట్టపోసికొనుచు ఊరూర విద్య నార్జించెను. 1885లో కాన్సాస్ రాష్ట్రములోని ఒక కళాశాల అతనిని చేర్చుకొందుమని జాబు వ్రాసి, తీరా వచ్చిన పిమ్మట నల్లవాడని త్రిప్పి పంపెను. అయినను అతడు చదువు మానలేదు. 1890లో అయోవా రాష్ట్రములోని సింప్సన్ కళాశాలలో చేరి చిత్రలేఖనము నభ్యసించెను. మొక్కలయం దతనికి గల ప్రజ్ఞను కనిపెట్టి అచ్చటి ఉపాధ్యాయిని వ్యవసాయ కళాశాలకు పొమ్మని ప్రోత్సహించెను. ఆ కళాశాలలో చేరిన మొదటి నల్లజాతి విద్యార్థి ఇతడే. 1896లో ఎం.ఎస్. పట్టము పొందెను.

ఆ సంవత్సరమే బుకర్ వాషింగ్టన్ పిలుపు నందుకొని అలబామా రాష్ట్రములోని టస్కెగీ విద్యాలయమునకు వచ్చెను. ప్రయోగశాలకు పరికరములు లేవు. విద్యార్థులతో కలిసి పాతసీసాలు, పారవేసిన పాత్రలు ఏరి తెచ్చి వానితోనే పాఠములు చెప్పెను. చుట్టుపట్ల పొలములు ఏటేట ప్రత్తియే వేయుటచే నిస్సారమయ్యెను. పాలునకు సేద్యము చేయు నల్లరైతులు అప్పులలో మునిగియుండిరి. కొన్న ఎరువులకు మారుగా ఆకులు, బురదమట్టి కుళ్లబెట్టి వేయుడనియు, ప్రత్తి తరువాత అలసందలు, వేరుసెనగ పండించుడనియు కార్వర్ బోధించెను. రైతు బడికి రాలేనియెడల బడియే రైతు వద్దకు పోవలెనని 1906లో పనిముట్లతో నిండిన బండి నొకదానిని పల్లెలకు నడిపించిరి. 1910లో గ్రామ పాఠశాలలకై ప్రకృతి పాఠములను, తోటపనిని గూర్చి చిన్న పుస్తకమును ప్రకటించెను. 1916లో వేరుసెనగను పండించు విధమును, వండుకొను 105 విధములను తెలుపు పుస్తకమును వెలువరించెను.

వేరుసెనగ వెన్నను ఈయనయే కనిపెట్టెనని కొందఱు చెప్పుదురు. అది నిజము కాదు. ఈయన చేసిన వస్తువులలో అంగడికి వచ్చినవి కొద్దియే. పేదవాని నేలకు సారమును, పేదవాని బిడ్డకు పుష్టిని కలిగించు మార్గము చూపుటయే ఈయన నిజమైన ఘనత. కూడబెట్టిన సొమ్మును పరిశోధనలకై ఒసగి, 1943 జనవరి 5వ తేదీన పరమపదించెను.

మన రాయలసీమ మెట్టపొలములలో వేరుసెనగ చిరపరిచితమైన పంట. కాయలు పెరుకు కాలమున ఒక మొక్క వేళ్లను కడిగి చూడుడు. వానిపై చిన్న బుడిపెలుండును. గోటితో చీల్చిన లోపల ఎఱ్ఱగా నున్నచో, అందలి సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్క కందించుచున్నవని తెలిసికొనుడు. పెరటిలో జానెడు నేల యున్నను చాలును. ఒక్క పాదు వేసి, దాని నిత్యము కనిపెట్టి చూచిన బాలుడు పుస్తకమున చదివినదానిని కన్నులార చూడగలడు.